ఎన్నికకు ముందు అభ్యాసము
(గ్రంథాలయ వెబ్‌సైట్లు, ఓపెన్ సోర్స్ వ్యవస్థలు: అయ్యంకి వెంకటరమణయ్యగారి స్మృత్యర్థము చేసిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయోద్యమ పితామహులని ఆంధ్రదేశము కొనియాడిన అయ్యంకి వెంకటరమణయ్యగారిని స్మరించుటకై మనము ఈ సభలో కూడితిమి. 1914 ఏప్రిల్ మాసమున విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల ప్రథమ మహాసభను సమకూర్చినవారును, 1919లో మద్రాసున జరిగిన అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభకు కారకులైనవారును ఆ మహనీయులే యని మీకు వేఱుగా చెప్పనక్కఱలేదు. ఊరూర గ్రంథాలయములు వెలయవలెనని వారు పడిన తపన లోకవిదితము. అంతకంటెను నన్ను ముగ్ధుని చేయునది వారి దూరదృష్టి. వెలసిన గ్రంథాలయము మూతపడకుండ నిలుచుటకు సంఘము కావలెను, పత్రిక కావలెను, ఏటేట సభలు కావలెను, సేవకులకు శిక్షణ కావలెనని గ్రహించి, ఆ సామగ్రినంతటిని ఓర్పుతో కూడబెట్టిన కార్యదీక్ష వారిది. గ్రంథాలయమునకు ప్రారంభోత్సవము చేయుట ఒక దినపు పని. దానిని ప్రతిదినము తెఱచుచుండుట తరముల పని. నేడు నేను విన్నవింపబూనిన విషయము మిక్కిలి క్రొత్తదే యైనను, దాని మర్మము మాత్రము ఆ పాత పాఠమునందే యున్నది.

గ్రంథాలయమునకు వెబ్‌సైటు ఉండవలెనా, వలదా యను వాదమునకు కాలము చెల్లినది. ఇక మిగిలినవి రెండు ప్రశ్నలు: దానిని ఏ సాధనముతో నిర్మింపవలెను? ఆ సాధనమును ఎవరు, ఎట్లు నేర్చుకొనవలెను? మొదటి ప్రశ్న తేలిన పిమ్మటనే రెండవదానిని తలపెట్టుట మన కార్యాలయములలో పాతుకొనిపోయిన యలవాటు. కమిటీ కూర్చుండును, సాధనము ఖరారగును, ఆ మీదట ఒకనాడు శిక్షణ కార్యక్రమము జరుగును. ఈ వరుసను తలక్రిందులు చేయవలెననుటయే నేటి నా ప్రతిపాదన. కొంతయైనను అభ్యాసము చేసినవానికి గాని ఎన్నుకొను నర్హత కలుగదు; ఎన్నుకొనిన పిదప అభ్యాసమును విడిచినవానికి ఆ ఎన్నిక నిలువదు.

విషయమును మొదటినుండి చూతము. వెబ్ పుట్టిన తొలి దినములలో ప్రతి పుటను హెచ్‌టీఎంఎల్ సంకేతములతో చేతిమీద వ్రాసెడివారు. గ్రంథాలయమున ఆ విద్య యెఱిగినవాడు ఒక్కడే యుండుట, అతడు సెలవుపై వెళ్లినచో పనివేళల మార్పును సైతము ప్రకటించు దిక్కు లేకుండుట ఆనాడు సర్వసామాన్యము. పుటలు పది యున్నంతవఱకు ఆ పద్ధతి సాగెను. పది నూఱై, నూఱు వేయి యైన తరువాత, ఒక ఫోన్ నంబరు మాఱినచో అది ఎన్ని పుటలలో నున్నదో వెదకుటకే ఒక దినము చాలకపోయెను. ఆ యవస్థనుండి పుట్టినదే కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, సంక్షేపముగా సీఎంఎస్. ఇందలి సూత్రము సులభము: వ్రాసిన విషయము డేటాబేసులో నుండును, అది కంటికి కనబడు తీరు, అనగా రంగులు, అక్షరములు, అమరిక, థీము అనబడు వేఱొక భాగమునందుండును, వ్రాయువాడు బ్రౌజరులోనే లాగిన్ అయి, సంకేతముల జోలికి పోకుండ, విషయమును చేర్చును, దిద్దును, తొలగించును. విషయమును రూపమునుండి విడదీయుటచేత, పుస్తకములను గూర్చి యెఱిగిన గ్రంథపాలకుడు కంప్యూటరు నిపుణునిపై ఆధారపడకుండ తన మాటను తానే పాఠకునికి చెప్పుకొనగల యవకాశము ఏర్పడినది. సీఎంఎస్ వలన గ్రంథాలయమునకు కలిగిన లాభములలో ఇదియే ముఖ్యము. తక్కినవన్నియు దీని వెనుకవచ్చునవే.

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. గ్రంథాలయ సాఫ్ట్‌వేరు అను ఒక్క మాటక్రింద మూడు వేర్వేరు జాతులను కలిపి మాట్లాడుట మన సమావేశములలో తఱచుగా వినబడును. పుస్తకముల కేటలాగును, సభ్యుల ఖాతాలను, ఇచ్చిపుచ్చుకొనుటలను నడపునవి ఒక జాతి. కోహా, న్యూజెన్‌లిబ్ ఇట్టివి. పాత పత్రికలు, వ్రాతప్రతులు, సిద్ధాంతగ్రంథముల స్కాను ప్రతులను భద్రపఱచి వెదకుటకు వీలుగా నుంచునవి రెండవ జాతి. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయు, హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థయు కలిసి 2002లో వెలువరించిన డీస్పేస్, న్యూజిలాండునందలి వైకాటో విశ్వవిద్యాలయమున పుట్టిన గ్రీన్‌స్టోన్, జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయమునుండి 2008లో వచ్చిన ఒమేకా ఈ కోవలోనివి. గ్రంథాలయము తన్నుగూర్చి తాను చెప్పుకొను పనివేళలు, ప్రకటనలు, క్రొత్త పుస్తకముల పరిచయములు, పఠనసూచికలు, కార్యక్రమముల వివరములు మొదలగువానిని నిర్వహించునది మూడవ జాతి. వర్డ్‌ప్రెస్, ద్రూపల్, జూమ్లా అనునవి ఇందులో ప్రసిద్ధములు. ఒకదాని పనిని మఱియొకదానిచేత చేయింపబూనుటవలన ఎంత శ్రమ వృథా యగుచున్నదో చెప్పజాలను. వేటపాలెము సారస్వత నికేతనమువలె పాత పత్రికల నిధులు గల గ్రంథాలయమునకు వర్డ్‌ప్రెస్ ఒక్కటే చాలదు. ఒక మండల శాఖా గ్రంథాలయమునకు డీస్పేస్ అక్కఱయే లేదు. కావున ఎన్నికకు పూర్వము మనకు కావలసిన దేమో తేల్చుకొనవలెను.

మన విచారణకు వచ్చిన యీ వ్యవస్థలన్నియు ఓపెన్ సోర్స్ వర్గమునకు చెందినవి. ఆ తత్త్వమును నాలుగు మాటలలో చెప్పెదను. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించి, 1989లో జనరల్ పబ్లిక్ లైసెన్సును వెలువరించినప్పటినుండి, సాఫ్ట్‌వేరును ఏ ప్రయోజనమునకైనను వాడుకొనుటకు, దాని లోగుట్టును చదువుటకు, తనకు తగినట్లు మార్చుకొనుటకు, ఆ మార్పుతో సహా ఇతరులకు పంచుటకు ప్రతివానికిని హక్కు కలదను సిద్ధాంతము స్థిరపడినది. గ్రంథాలయములకు ఈ సిద్ధాంతము పరాయిది కాదు. 1960 నాటి పౌర గ్రంథాలయముల చట్టము ననుసరించి మన జిల్లా గ్రంథాలయ సంస్థలు ప్రజలు ఇంటిపన్నుతోపాటు చెల్లించు గ్రంథాలయ సెస్సుతో నడచుచున్నవి. ప్రజల ధనముతో సమకూర్చుకొన్న సాధనము ప్రజల యధీనమునందే యుండుట, ఒక జిల్లాలో చేసిన మెఱుగు మఱియొక జిల్లాకు పైకము లేకుండ సంక్రమించుట న్యాయము. అయితే హక్కు వేఱు, దానిని వాడుకొను శక్తి వేఱు. లోగుట్టును చదువు హక్కు చదువ నేర్చినవానికే ఫలించును. నేర్వనివానికి ఓపెన్ సోర్స్ కూడ మూసియున్నదానితో సమానమే.

నేర్చినవారు ఏమి చేయగలరో చూపుటకు కోహా చరిత్రకంటె మంచి నిదర్శనము లేదు. అది సీఎంఎస్ కాకపోయినను, గ్రంథాలయము ఓపెన్ సోర్స్‌ను ఎట్లు చేపట్టవలెనో తెలిసికొనుటకు ఉపకరించును. న్యూజిలాండులో హోరోవెనువా అను చిన్న ప్రాంతపు గ్రంథాలయ ట్రస్టువారి పాత కంప్యూటరు వ్యవస్థ, 1999 ముగిసి 2000 సంవత్సరము ప్రవేశించునప్పుడు తేదీల లెక్క తప్పి ఆగిపోవునని తేలినది. విపణిలో దొరకు వ్యవస్థలు తమ అవసరములకు గాని స్తోమతకు గాని సరిపడకపోగా, వెల్లింగ్టన్ నగరపు కటిపో సంస్థచేత క్రొత్తదానిని వ్రాయించి, 2000 జనవరిలో వాడుకలోనికి తెచ్చి, దానిని జనరల్ పబ్లిక్ లైసెన్సు క్రింద లోకమునకు విడిచిరి. తరువాత అమెరికాలోని ఓహాయో రాష్ట్రమునందలి నెల్సన్‌విల్ గ్రంథాలయము, గ్రంథవివరములకు అంతర్జాతీయముగా వాడుకలోనున్న మార్క్ పద్ధతిని కోహాలో చేర్చుటకు తన సొమ్ము వెచ్చించెను. ఆ ఫలము కోహా వాడు గ్రంథాలయములన్నిటికిని దక్కెను. మన హైదరాబాదులోనే కేశవన్ సంస్థవారి గ్రంథాలయ శాస్త్రజ్ఞానముతో, వెరస్ సొల్యూషన్స్ వారి సాంకేతిక కౌశలముతో రూపొందిన న్యూజెన్‌లిబ్ 2008లో ఓపెన్ సోర్స్‌గా వెలువడినది. ఈ రెండు ఉదంతములలోను కార్యమునకు మూలము గ్రంథాలయ విద్య యెఱిగినవారే. తమకు ఏమి కావలెనో స్పష్టముగా చెప్పగలిగిరి కనుకనే సాంకేతికులు దానిని చేయగలిగిరి.

ఇక సీఎంఎస్‌ల స్వభావమునకు వత్తము. వర్డ్‌ప్రెస్ 2003 మే 27న, అంతకుముందు మిషెల్ వాల్‌డ్రిఘి వ్రాసిన బీ2 అను కార్యక్రమమునుండి చీలిన శాఖగా, మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ అనువారి చేతులలో పుట్టినది. దినచర్యవలె తేదీల వరుసను వ్రాసికొను బ్లాగులకై పుట్టినందున, వ్రాయువానికి సౌకర్యము దాని ప్రాణము. నూతన సేవకుడు ఒక పూటలో ప్రకటన వ్రాసి ప్రచురింపగలడు. పాత ప్రతులతో పొత్తు చెడకుండ క్రొత్త ప్రతులను వెలువరించుట దాని నిర్మాతలు చిరకాలముగా పాటించు నియమము. ద్రూపల్, బెల్జియమునందలి ఆంట్‌వర్ప్ విశ్వవిద్యాలయ విద్యార్థి డ్రీస్ బౌటార్ట్ తన మిత్రులకై వ్రాసిన సందేశఫలకమునుండి పెరిగి, 2001 జనవరిలో బహిర్గతమైనది. విషయమునకు అంగవిభాగము చేయుటలో దాని నేర్పు అసాధారణము: పుస్తకపరిచయమునకు గ్రంథకర్త, ప్రచురణ సంవత్సరము, వర్గసంఖ్య అని వేర్వేరు గదులను కల్పించి, ఆ గదుల ననుసరించి కోరిన జాబితాలను తానే కూర్చును. వర్గీకరణము నిత్యకృత్యముగా గల గ్రంథపాలకుని బుద్ధికి ఇది సహజముగా నచ్చును. కాని దానిని నేర్చుట కష్టతరము. జూమ్లా విషయమునకు వచ్చినచో, అది మాంబో అను మఱియొక వ్యవస్థ యాజమాన్యముపై తగవు వచ్చి దాని నిర్మాతలు విడివడి 2005లో వెలువరించినది. సౌలభ్యమునను, శక్తియందును పై రెంటికి నడుమ నిలుచును. 2011 నాటినుండి పలు భాషలలో సైటును నడుపు వసతి దాని మూలమునందే కలదు. ద్రూపల్‌లో ఎనిమిదవ ప్రతినుండి ఆ వసతి పూర్తిగా మూలమున చేరినది. వర్డ్‌ప్రెస్‌లో దానికై వేఱొక ప్లగిన్, అనగా పైనుండి చేర్చు భాగము, కావలెను. తెలుగు, ఇంగ్లీషు రెంటను నడపవలసిన మన సైట్లకు ఈ భేదము చిన్నది కాదు.

ద్రూపల్ శక్తి గ్రంథాలయములో ఎంతవఱకు పోగలదో మిషిగన్ రాష్ట్రమునందలి ఆన్ ఆర్బర్ జిల్లా గ్రంథాలయము చూపినది. 2005లో వారు తమ సైటును ద్రూపల్‌పై నిర్మించి, గ్రంథపాలకులు వ్రాయు ప్రతి ప్రకటనక్రిందను పాఠకులు బదులు వ్రాయు వీలు కల్పించిరి. 2007లో అచ్చటి జాన్ బ్లైబర్గ్ కేటలాగును సైతము సైటులో కలిపి, పాఠకులే పుస్తకములకు విమర్శలు వ్రాయుటకును, తమ మాటలతో గుర్తులు పెట్టుటకును అనువగు సోపాక్ అను నిర్మాణమును వెలువరించెను. తరువాత నతడు కనెక్టికట్ రాష్ట్రమునందలి డేరియన్ గ్రంథాలయమునకు తరలిపోగా, సోపాక్ రెండవ రూపము 2008లో అచ్చట వెలసెను. కోడు ఓపెన్ సోర్స్ కనుక ఎవరి యధీనమునను బంధింపబడక లోకమునకంతటికి దక్కెను. విద్య మాత్రము మనుష్యునితో నడచును. ఒక్కని యందే విద్య యున్న గ్రంథాలయము, ఆ యొక్కడు వెడలిపోయిన దినమున తన సైటు తనకే క్రొత్తదగునని భయపడవలెను. ఈ భయమునకు మందు, కనీసము ఇరువురికి నేర్పి యుంచుట.

ఎన్నిక ఎట్లు జరుగుచున్నదో, ఎట్లు జరుగవలెనో ఇప్పుడు చెప్పెదను. ఇరువది యంశముల పట్టిక వ్రాసి, ఒక్కొక్క వ్యవస్థకు ఎదుట మార్కులు వేసి, ఎక్కువ వచ్చినదానిని గ్రహించుట వాడుకలో నున్న పద్ధతి. ఈ పట్టికలో శక్తిమంతమైనదే యెల్లప్పుడును గెలుచును; ఏలయన మనకు అక్కఱకు రాని శక్తికి సైతము మార్కులు పడును. దీనికి మాఱుగా నేను నాలుగు విచారణలను సూచించెదను. మన సైటులో ఏయే విషయములు ఉండవలెను, వానిలో ఏది నెలకొకమాఱు మాఱును, ఏది దినమునకొకమాఱు మాఱును? ఆ మార్పులను ఎవరు చేయుదురు, వారు ఇప్పటికి ఏ పనులలో మునిగియున్నారు? మన జిల్లాలో గాని, ఎఱిగిన సంస్థలలో గాని, సందేహము కలిగినప్పుడు అడుగదగినవారు ఏ వ్యవస్థను వాడుచున్నారు? రేపు దీనిని విడిచిపెట్టవలసివచ్చినచో మన విషయమంతయు చెక్కుచెదరకుండ బయటికి తీసికొనిపోవు మార్గము కలదా? కడపటి ప్రశ్నను ఎవరును అడుగరు. అయినను అన్నిటికంటె ముఖ్యమైనది అదియే. ద్వారము బయటికి తెఱచుకొనని భవనమున ప్రవేశింపరాదు.

ఈ హెచ్చరిక ఊరక చేసినది కాదు. 2011లో వెలువడిన ద్రూపల్ ఏడవ ప్రతిపై నెన్నియో గ్రంథాలయములు సైట్లు కట్టుకొనెను. 2015 నవంబరులో వచ్చిన ఎనిమిదవ ప్రతి సిమ్ఫనీ అను పునాదిపై మూలమునుండి మరల కట్టబడినందున, ఏడవ ప్రతికై వ్రాసిన థీములు, మాడ్యూళ్లు దానిలో పనిచేయవయ్యెను. మాఱుట యనగా మరల కట్టుటయే యయ్యెను. ఆ కష్టమును గుర్తించియే ఏడవ ప్రతి రక్షణావధిని పలుమార్లు పొడిగించి, తుదకు 2025 జనవరిలో ముగించిరి. ఇది ద్రూపల్‌కు దోషమని నా యభిప్రాయము కాదు; పునాదిని బాగుచేయుట నిర్మాతల ధర్మము. ఆ మార్పు వచ్చునని ముందే యెఱిగి, సొమ్మును, వేళను కేటాయించుకొనుట వాడువారి ధర్మము. రక్షణ సవరణల విషయమునను ఇంతే: 2014 అక్టోబరు 15న ద్రూపల్ రక్షణ బృందము ఏడవ ప్రతిలో నొక ఘోరమైన లోపమును ప్రకటించి, సవరణను విడుదల చేసెను. ప్రకటన వెలువడిన 7 గంటలలోపల ఆ సవరణను చేర్చుకొనని ప్రతి సైటును దుండగుల చేత చిక్కినట్లే భావింపవలెనని రెండు వారముల తరువాత హెచ్చరించెను. ఏడు గంటలు! టెండరు పిలిచి, కొటేషను తెప్పించి, ఉత్తరువు పొంది, కాంట్రాక్టరును రప్పించు కార్యాలయమునకు ఏడు గంటలలో ఏమి జరుగును? ఇంటనే నేర్చినవా డొకడున్న గ్రంథాలయమునకు అది అరగంట పని.

తెలుగు సైటునకు ప్రత్యేకముగా కొన్ని చిక్కులు కలవు.  యూనికోడులో తెలుగు 1991 నాటి మొదటి ప్రతినుండియు ఉన్నను, మన డీటీపీ కేంద్రములలో చిరకాలము ‘అను’ మొదలగు పాత ఫాంట్లే రాజ్యమేలినవి. ఆ ఫాంట్లతో కూర్చిన ప్రకటనను సైటులో అతికించినచో అర్థములేని గుర్తుల రాశి ప్రత్యక్షమగును; దానిని బొమ్మగా మార్చి యెక్కించినచో కంటికి కనబడును గాని వెదకిన దొరకదు. కావున యూనికోడు టైపింగు సేవకులకు నేర్పుటయే తెలుగు సైటునకు మొదటి మెట్టు. రెండవది చిరునామాల చిక్కు. వర్డ్‌ప్రెస్ వ్యాసము పేరును అనుసరించి దాని చిరునామాను తానే కల్పించును. ఒక్కొక్క తెలుగు చిహ్నము యూటీఎఫ్-8 అను సంకేతపద్ధతిలో మూడు బైట్లై, చిరునామాలో తొమ్మిది గుర్తులుగా విస్తరించును. 200 గుర్తుల పరిమితి యుండుటచేత 22 చిహ్నములకే పేరు తెగిపోవును, గుణింతపు గుర్తులు, పొల్లులు సైతము ఆ లెక్కలోనివే. చిన్న ఇంగ్లీషు చిరునామాను చేతితో వ్రాసినచో ఈ యిబ్బంది తీరును. కాని ఇది చేసిచూచినవానికి గాని తెలియదు.

మూడవది వెదకులాట. వర్డ్‌ప్రెస్ సహజ శోధన అక్షరాక్షరమును పోల్చును. పాఠకుడు ‘గ్రంథాలయము’ అని వెదకినచో ‘గ్రంథాలయంలో’ అని యున్న పుట దొరకదు. ‘గ్రంధాలయం’ అని థకారమునకు ధకారము వ్రాయు పెక్కుమంది పాఠకులకు ఏమియు దొరకదు. దీనికి ఖరీదైన యంత్రము వెదకనక్కఱలేదు. పుటయందు ముఖ్యపదముల నుంచు తావున వాడుకలోనున్న రూపములన్నిటిని చేర్చుట కేటలాగు చేయువానికి వెన్నతో పెట్టిన విద్య. ‘చూడుము’ సూచికలు వ్రాసిన చేతులే ఈ పనికి తగినవి. గ్రంథపాలకుని పాత విద్య క్రొత్త సాధనమునందు ఎట్లు సార్థకమగునో దీనివలన తెలియుచున్నది. చదువరి కాలమును ఆదా చేయుమని 1931లో తమ గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రములలో ఆజ్ఞాపించిన రంగనాథన్‌గారు నేడు జీవించియున్నచో, ఈ ముఖ్యపదముల విషయమున మనలను నిలదీసి యుండెడివారు.

నాలుగవది అన్ని సైట్లకును సామాన్యమైనది: సైటును చదువువారు ఎవరు, దేనిపై చదువుదురు అను విచారము. పాఠకులు గ్రంథాలయమునకు రాలేకపోయినచో గ్రంథాలయమే వారి యొద్దకు పోవలెనని 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పడవ గ్రంథాలయమును నడిపించిరి. నేటి పాఠకుడు చేతిఫోను నుండి వచ్చుచున్నాడు. కంప్యూటరు తెరపై అందముగా నున్నదని కమిటీ మెచ్చిన థీము చేతిఫోనులో అక్షరములు కుదించుకొనిపోయి చదువరానిదైనచో, పడవను కట్టి కాలువలోనికి దింపకుండుటయే యగును. కన్నులు లేని పాఠకుని సంగతి అంతకంటెను ముఖ్యము. స్వయముగా అంధుడైన ఆస్ట్రేలియా దేశీయుడు మైకేల్ కర్రన్ 2006లో ఆరంభించిన ఎన్‌వీడీఏ అను ఓపెన్ సోర్స్ కార్యక్రమము తెరపైనున్న విషయమును బిగ్గఱగా చదివి వినిపించును. తెలుగును సైతము చదువును. కాని స్కాను చేసి బొమ్మగా పెట్టిన సర్క్యులరును అది తనంత తాను చదువజాలదు. ప్రకటనను అక్షరములలో వ్రాయుటయు, ప్రతి బొమ్మకును వివరణవాక్యమును చేర్చుటయు ఏ సీఎంఎస్ అయినను సమకూర్చు వసతులే. వానిని వాడుట మాత్రము మన శిక్షణపై ఆధారపడియున్నది.

ఇంతకును అభ్యాసము ఎట్లు చేయవలెను? ఒడ్డున కూర్చుండి ఈత నేర్చినవాడు లేడు. ఎక్సాంప్ వంటి కార్యక్రమమును సాధారణమైన కంప్యూటరులో వేసికొన్నచో వెబ్ సర్వరు, డేటాబేసు, పీహెచ్‌పీ మూడును ఒక్కసారిగా సమకూరును. ఇంటర్నెట్టుతో గాని, బయటి సర్వరు అద్దెతో గాని నిమిత్తము లేకుండ సైటును కట్టవచ్చును, పడగొట్టవచ్చును. ఇట్టి యభ్యాసశాలలో తప్పు చేయుటకు వెల లేదు. మొదట గ్రంథాలయపు నిజమైన విషయముతోనే, ఆఱు పుటలు చాలును, చిన్న సైటును నిర్మింపవలెను. కల్పిత విషయముతో చేసిన యభ్యాసము నిజమైన చిక్కులను చూపదు. పిమ్మట వాడుకరుల యధికారములను విభజింపవలెను: వర్డ్‌ప్రెస్‌లో నిర్వాహకుడు, సంపాదకుడు, రచయిత, సహాయరచయిత, చందాదారు అని ఐదు అంతస్తులు సిద్ధముగా నున్నవి, ప్రతి యుద్యోగికిని నిర్వాహకుని పాస్‌వర్డు నిచ్చుట సౌకర్యమువలె కనబడు ప్రమాదము. ఆ తరువాత క్రొత్త ప్రతిని చేర్చి, ఏ ప్లగిన్ చెడినదో పరిశీలింపవలెను. తుదకు బ్యాకప్ తీసి, వేఱొక కంప్యూటరులో సైటును మరల నిలువబెట్టవలెను. ఇందులో పెక్కుమంది పొరపడు తావు ఒకటి కలదు: వ్రాత డేటాబేసులో నుండును, బొమ్మలు ఫైళ్లలో నుండును; ఒకదానిని దాచి రెండవదానిని మఱచిన బ్యాకప్ సగము గ్రంథమువంటిది కూడ కాదు. మరల నిలువబెట్టి చూడని బ్యాకప్‌ను బ్యాకప్ అని నమ్మరాదు.

చేసిన ప్రతి పనిని తెలుగులో ఒక నోటుపుస్తకమున వ్రాసియుంచుట అభ్యాసములో భాగమే. ఏ ప్లగిన్ ఎందుకు చేర్చితిమి, డొమైను ఎవరి పేర నున్నది, దాని గడువు ఎన్నడు ముగియును, సర్వరు అద్దె ఎవరు చెల్లింతురు అను వివరములు ఉద్యోగి బదిలీ యైనను కార్యాలయమున నిలువవలెను. డొమైను గ్రంథాలయము పేరనే, గ్రంథాలయపు ఈమెయిలుతోనే నమోదై యుండవలెను. వ్యక్తి పేరను గాని, కాంట్రాక్టరు పేరను గాని ఉండరాదు.

మాకు సిబ్బందియే లేరు, ఉన్నవారు పదవీవిరమణకు చేరువలో నున్నారు, ఈ యభ్యాసములకు వేళ ఎక్కడిది అని మీలో కొందఱు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. ఖాళీలు నింపవలసిన బాధ్యతనుండి ప్రభుత్వములను విముక్తము చేయుట నా యుద్దేశము కాదు. అయినను బయటివారికి అప్పగించిన పనికి సైతము ఇంట నేర్చినవాడు కావలెను. వారు చేసినది బాగుగనున్నదో లేదో చెప్పుటకైనను కావలెను. ఒంటరిగా నేర్చుట కష్టమైనప్పుడు కలిసి నేర్చుటకు గ్రంథాలయోద్యమమే మనకు దారి చూపినది. ఒక జిల్లా గ్రంథాలయ సంస్థ ఒక్క వ్యవస్థను చక్కగా నెలకొల్పినచో, దాని శాఖలన్నియు వేర్వేరు సైట్లుగా అందే నడువవచ్చును. వర్డ్‌ప్రెస్‌లోను, ద్రూపల్‌లోను ఇందుకు ఏర్పాట్లు కలవు. రెండు తెలుగు రాష్ట్రములలో ఒకే వ్యవస్థను వాడువారు ఒక సంఘముగా నేర్పడి, తెలుగు అనువాదములను దిద్దుచు, పై నోటుపుస్తకములను ఒక కరదీపికగా కూర్చినచో, పొందినదానిలో కొంత తిరిగి యిచ్చినవారమగుదుము. నెల్సన్‌విల్ చేసిన పని అదియే; దానికి పెద్ద నగరముండ నక్కఱలేదని ఆ గ్రంథాలయమే సాక్ష్యము.

అట్లని నేను ఒక వ్యవస్థ పేరును చెప్పక తప్పించుకొనదలచలేదు. చిన్న గ్రంథాలయము, ఒకరిద్దరు సేవకులు, ప్రకటనలు, పుస్తకపరిచయములు: ఇంతమాత్రమే యైనచో వర్డ్‌ప్రెస్ చాలును. రెండు భాషలు సమముగా నడువవలెను, నేర్చుటకు కొంత వేళ కలదు అన్నచో జూమ్లాను పరిశీలింపవచ్చును. విశ్వవిద్యాలయ గ్రంథాలయమువలె బహువిధమైన విషయము, పలుశాఖల రచయితలు, స్థిరమైన సాంకేతిక సిబ్బంది ఉన్నచో ద్రూపల్ తగును. ఆ సిబ్బంది లేనిచోట దానిని తలపెట్టరాదు. ఇవి నా మాటలు. మీకు ప్రమాణము మీ యభ్యాసమే కావలెను. కావున ఎన్నిక సమావేశమునకు మూడు నెలల ముందు ఇరువురు ఉద్యోగులకు వారమునకు రెండు గంటలు విడిచియిచ్చి, రెండు వ్యవస్థలలో అవే ఆఱు పుటలను కట్టించి, బ్యాకప్ తీయించి, మరల నిలువబెట్టించి, వారి నోటుపుస్తకములను సమావేశపు బల్లపై నుంచుడు. అప్పుడు చర్చ కాంట్రాక్టరు చూపిన బొమ్మలనుగూర్చి గాక, మన చేతులతో చేసి చూచిన పనిని గూర్చి జరుగును. ఎన్నికయు ఎక్కువ వాదము లేకుండగనే తేలిపోవును.